పేలికలు విప్పిన రోజు

మొన్న ఫోనులో దగ్గు గురించి అడిగావు కదమ్మా, అది జబ్బు కాదు, మిరప ఘాటు. ఇక్కడ ప్రత్తిపాడులో మా వీధి ఆడవాళ్లం సగంమందిమి మిరపకాయల ముచ్చికలు తీసే పనికే వెళ్తాం. ముచ్చికంటే కాయ నెత్తిన ఉండే తొడిమ. పొద్దున షెడ్డులో గోనెపట్టా మీద కూర్చుంటే సాయంత్రానికి వేళ్లు మండుతాయి, గొంతు గరగరలాడుతుంది. ఇంటికొచ్చి ఇంత మజ్జిగ తాగితే సర్దుకుంటుంది. మీ అమ్మను కంగారు పడొద్దని చెప్పు. మంగుళూరు నుంచి మందులు పంపుతానని కూర్చుంటుంది.

నీ వెనక నుంచి చెల్లి ఇంకో మాట అంది, నాకు వినపడింది. "అమ్మమ్మ వాళ్లు చేపలోళ్లు కదా, మిరపకాయల దగ్గరికెందుకు పోయారు?" అని. అది ఫోనులో చెప్పేంత చిన్నది కాదు. అందుకని రోజూ కాసేపు కూర్చుని రాస్తున్నాను. నాది ఏడో తరగతి చదువు, అక్షరాలు కుదురుగా ఉండవు. మీ అమ్మ చదివి వినిపిస్తుంది.

మీరు ఇద్దరూ పుట్టింది మంగుళూరులో. మీ నాన్న పెద్ద బోట్ల మీద పని చేయడమే చూశారు గానీ మన ఊరు చూడలేదు. బాపట్లకు దిగువన, రోడ్డు అయిపోయాక ఇసక మొదలయ్యే చోట మన ఊరు. అక్కడ హార్బరు లేదు, జెట్టీ లేదు. పడవ నేరుగా ఇసక మీదికే వస్తుంది, పదిమంది పట్టుకుని పైకి లాగుతారు. మీ తాతకు ఒక చిన్న ఫైబరు పడవ ఉండేది. తెల్లారకముందు వెళ్లి పొద్దెక్కేసరికి వచ్చేవాడు. వలలో ఏం పడినా మాకు అన్నం పెట్టింది మాత్రం రొయ్యే. రొయ్య కోసం కంపెనీ వ్యాను రోజూ ఒడ్డుకు వచ్చేది. ఆ రొయ్యలు ఐసులో పడుకుని యూరప్ పోతాయని చెప్పేవాళ్లు. అదెక్కడుందో మాకు తెలియదు. చల్లగా ఉంటుందని మాత్రం తెలుసు.

ఒడ్డున మా పద్ధతి ఒకటి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. పడవలన్నీ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. బుట్టలన్నీ ఒకే మేదర వాళ్లు అల్లినవి, ఒకే తీరుగా ఉంటాయి. ఏవి ఎవరివో తెలియడానికి ప్రతి బుట్ట చెవికీ ఆ ఇంటి పేలిక కడతాం. పాత చీర చింపిన ముక్క. మా ఇంటిది ఎరుపు మీద పసుపు చుక్కలు, మా అత్తగారి చీరది. మా తోటికోడలిది ముదురు నీలం. ఊళ్లో ఏ ఇద్దరికీ ఒకే రంగు ఉండదు, కొత్త కోడలు వస్తే ఆమె రంగేదో పెద్దాళ్లు తేల్చేవాళ్లు.

ఆ పేలికకు ముడులు కూడా ఉంటాయి. ఊరికి ఎదురుగా పట్టినవైతే ఒక ముడి, దక్షిణాన ఏరు సముద్రంలో కలిసే చోట పట్టినవైతే రెండు ముళ్లు. ఏటి మొగ రొయ్య తొందరగా మెత్తబడుతుంది, దాన్ని ముందు పంపేయాలి. అందుకని ఆ లెక్క. ఎక్కడ పట్టాడో మగవాడు చెప్తాడు, ముడి మాత్రం ఒడ్డున బుట్ట అందుకున్న ఆడమనిషే వేయాలి. తప్పు ముడి వేసిందంటే ఊరు కూర్చుని దురాయి వేసేది. దురాయి అంటే ఊరి కట్టుబాటు. మా ఊరిపెద్దను పెద్దకాపు అంటాం, ఆయన నోటి నుంచి అది వచ్చిందంటే ఇక తిరుగులేదు. నేను ఆ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచి తప్పు ముడి వేసిన మనిషి ఒక్కతే. ఆ ఒక్కతీ రెండు నెలలు ఒడ్డుకు రాలేదు సిగ్గుతో.

ఒకరోజు వ్యానాయన బుట్టలు ఎత్తించుకోలేదు. మీ తాత అడిగాడు.

"ఏంటయ్యా, మా రొయ్యకేమైంది ఇయ్యాల?"

"నీ రొయ్యకేం కాలేదు బావా. కాయితం కావాలంట. ఏ పడవ, ఎవరి పడవ, ఏ నీళ్లలో పట్టారు, దింపేటప్పుడు ఎవరు చూశారు, అన్నీ రాసి ముద్రేసి ఉండాలంట. లేకపోతే ఆ దేశంలో దింపుకోరు."

"మేం పట్టాం, మేమే చూశాం. ఇంకేం కావాలి?"

"నాతో ఎందుకు పోట్లాడతావ్? నేనేమన్నా యూరపోణ్ణా?"

ఆ మాటకు అందరం నవ్వాం. నాలుగైదు రోజులకు నవ్వు పోయింది. ఆ ముద్ర వేసే ఆఫీసు హార్బరులో ఉంది. మన చిన్న పడవ ఎదురుగాలిలో అక్కడికి చేరేసరికి ఐసు కరిగి రొయ్య మెత్తబడిపోతుంది. పైగా మన పడవ నంబరు చనిపోయిన మీ పెద్దతాత పేరు మీద ఉంది. మీ తాత చెప్పులరిగేలా తిరిగాడు. అన్న పోయినట్టు కాయితం తెమ్మన్నారు, తెచ్చాడు. వారసులు ఒప్పుకున్నట్టు కాయితం తెమ్మన్నారు. మా తోటికోడలు వేలిముద్ర వేస్తూ, "బతికున్నప్పుడు ఆయన్ని ఎవురూ ఇన్నిసార్లు అడగలేదు చెల్లే" అంది. అది తీసుకెళ్తే ఆఫీసులో ఆయన పాపం మంచిగానే చెప్పాడట, "పేరు మారుస్తాం, కానీ ఒడ్డున దింపినదానికి ముద్ర వేయడానికి రూలు లేదు పెద్దాయనా, ఆ రూలు పైనుంచి మారాలి" అని.

పైనంటే ఎంత పైనో మాకు అప్పుడు తెలిసింది.

వ్యాను రోజు విడిచి రోజు వచ్చింది, తర్వాత వారానికోసారి, తర్వాత ఆగింది. ఊళ్లో చిన్న పడవల వాళ్లందరిదీ అదే పరిస్థితి. నేను రొయ్యలు ఎండబెట్టి గంపకెత్తుకుని బస్సెక్కి ఈ మిరప ఊళ్లకే వచ్చేదాన్ని. ప్రత్తిపాడు నాకు అప్పట్నుంచీ తెలుసు. కళ్లాల దగ్గర రైతుల ఆడవాళ్లు నా ఎండు రొయ్యలు తీసుకుని మిరపకాయలు కొలిచి పోసేవాళ్లు. మిరపకాయలతో పొయ్యి మీద కూర ఉడుకుతుంది గానీ పడవలోకి డీజిల్ రాదు కదమ్మా. మీ తాత ఇంజను మీద గోనెపట్టా కప్పేశాడు. రోజూ పొద్దున పడవ దాకా వెళ్లి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇంటికొచ్చేవాడు.

అలాంటప్పుడు బాపట్ల నుంచి టీచరమ్మ వచ్చింది. రిటైరైన మనిషి, మా లాంటి ఊళ్ల కోసం అర్జీలు రాసిపెట్టేది. ఆ రూళ్లు రాసే యూరపోళ్లే గుంటూరు వస్తున్నారని, ఒక పూట మన ఒడ్డుకు తీసుకొస్తానని చెప్పింది. ఒడ్డున దింపినదానికి ఒడ్డు మనుషుల సాక్ష్యం చాలనిపించాలని, అది వాళ్లకు నచ్చితే వ్యాను మళ్లీ వస్తుందని చెప్పింది. ఊరంతా పెద్దకాపు అరుగు ముందర కూర్చున్నాం. టీచరమ్మ వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అంది.

"మీరేం చేయొద్దు. రోజూ ఎట్లా ఉంటారో అట్లానే ఉండండి."

మర్యాదకు అందనుకున్నాం. మన ఇంటికి వచ్చే వాళ్లు కూడా అంటారు కదా, నాకోసం ఏం చేయకండని. అలా అన్నారని ఎవరన్నా వాకిలి ఊడవకుండా ఉంటారా.

ఆమె వెళ్లాక ఒకళ్లు దారి శుభ్రం చేయిద్దామన్నారు, ఒకళ్లు టెంటు వేద్దామన్నారు. నేను ఎప్పుడూ పదిమందిలో మాట్లాడేదాన్ని కాదు, నా గొంతు పక్కమనిషికే వినపడదని మా తోటికోడలు ఎగతాళి చేసేది. ఆ రోజు మాత్రం నేనే లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

"పెద్దకాపు మావా, ఆ పేలికలు తీసేయిద్దాం. కంపు కొడతన్నయ్యి. వాళ్లు చూస్తే మనం మురికోళ్లమనుకుంటారు. మన రొయ్య తినేది వాళ్లే కదా."

ఆడవాళ్లందరూ తలూపారు. మా తోటికోడలు మాత్రం, "మరి ఎవరిదేదో ఎట్టా తెలిసిద్దే?" అంది.

"ఒక్క పూటకేగా అక్కా, కళ్లతో చూసుకుందాం."

పెద్దకాపు ఒప్పుకున్నాడు. "కోడలు చెప్పిందీ నిజమే. హార్బరులో మావాళ్ల దగ్గర ప్లాస్టిక్ ట్రేలు ఉంటయ్యి, తెల్లగా, కడిగి తెద్దాం. ఇదే దురాయి. ఆ రోజు ఒడ్డున బుట్ట కనపడకూడదు, పేలిక కనపడకూడదు."

పేలికలన్నీ నేనే విప్పాను. ఇంటింటికీ తిరిగి విప్పి, మూటగట్టి, మా మంచం కింద పెట్టాను.

వాళ్లు ముగ్గురు వచ్చారు. కార్లలో చోటు లేక టీచరమ్మ వెనక బస్సులో వస్తోందన్నారు. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆమె. ఆమెకు నా వయసు ఉంటుంది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఇసకలో నడిచింది. నాకు ఆమె నచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రాయన ఆమె మాటలు తెలుగులో చెప్పేవాడు. పెద్దకాపు దండలు వేశాడు. కొబ్బరిబోండాలు ఇచ్చాం. చాలారోజుల తర్వాత ఆ పొద్దున పడవలు వెళ్లొచ్చాయి, రొయ్య బాగానే పడింది. తెల్ల ట్రేలు వరసగా, టెంటు నీడలో, పెళ్లి విస్తళ్ల లాగా పేర్చి ఉన్నాయి. చూసి నేనే మురిసిపోయాను.

ఆమె ఆ ట్రేల ముందు గొంతుక్కూర్చుంది. ఒకదాని మీద వేలు పెట్టి అడిగింది. కుర్రాయన తెలుగులో చెప్పాడు.

"ఇది ఎవరిది అంటున్నారు."

మీ తాత ముందుకొచ్చాడు. "మాదండి."

"ఎట్లా తెలుసు అంటున్నారు."

మీ తాత ట్రే వంక చూశాడు, పక్క ట్రే వంక చూశాడు, నా వంక చూశాడు. మాదో కాదో ఆయనకూ తెలియదమ్మా. టెంటులోకి మోసేటప్పుడే అన్నీ కలిసిపోయాయి.

పెద్దకాపు అందుకున్నాడు. "మా ఊళ్లో దొంగలు లేరండి. ఎవురిది వాళ్లకి తెలుసు. మాట మీద బతికేవాళ్లం."

కుర్రాయన అది చెప్పాడు. ఆమె రాసుకుంది. మళ్లీ అడిగింది. ఇది ఏ నీళ్లలో పట్టారు, ఇందులో రెండు చోట్ల పట్టినవి కలిస్తే ఎట్లా తెలుస్తుంది, అని. పెద్దకాపు సముద్రం వైపు చెయ్యి చూపించి, "అదంతా మాదేనండి" అన్నాడు. మగవాళ్లలో ఒకతను ట్రే ఎత్తి అడుగున చూశాడు. అక్కడ హార్బరు వాళ్ల గుర్తు రాసి ఉంది. ఎవరూ దాన్ని చూసుకోలేదు.

నా ఇల్లు అక్కడికి నూరడుగులు కూడా లేదు. పరిగెత్తి మూట తెస్తే అయిపోయేది. తెద్దామని ఒక అడుగు వేశాను కూడా. పెద్దకాపు నా వంక చూశాడు. దురాయి వేసిన రోజు, ఊరి పరువంతా టెంటు కింద ఉంది, నేను వెళ్లి కంపు గుడ్డలు తెచ్చి, ఇంతసేపూ దాచాం అని చెప్పాలి. అడుగు వెనక్కి తీసుకున్నాను. మా తోటికోడలు నా చెవిలో, "పోయి తేవే, ఎల్లి తేవే" అంటూనే ఉంది. నేను కదల్లేదు.

కార్లు వెళ్లాక గానీ టీచరమ్మ చేరలేదు. రోజూ బుట్టలుండే చోటికి నడిచి వెళ్లి, తిరిగొచ్చి అడిగింది.

"పేలికలేవి?"

ఆడవాళ్లం ఒకరి వెనక ఒకరం జరిగాం.

"అవి చూపించాలనే కదా వాళ్లని ఇక్కడ దాకా తెచ్చింది. నేను రాసిచ్చిన అర్జీలో ఉన్నదే అది. ఏ పడవ, ఏ నీళ్లు, ఎవరు చూశారు, మూడూ ఆ గుడ్డలో ఉన్నాయి. ఎవరు తీయమన్నారు?"

పెద్దకాపు తల వంచుకున్నాడు. నా పేరు ఆయన చెప్పలేదు. నేనే చెప్పాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇసకలో కూర్చుండిపోయి, మర్నాడు గుంటూరు హోటల్లో వాళ్ల సమావేశం ఉంది, ఒక మనిషికి రెండు నిమిషాలు అడుగుతాను, నువ్వే రా, ఆ మూట తీసుకుని రా, అంది.

మొదటి బస్సెక్కాం, నేను, మీ తాత. మూట ఒళ్లో పెట్టుకున్నాను. ఉతుకుదామని ముందురోజు బకెట్టు దాకా తీసుకెళ్లి, మీ తాత వద్దంటే ఆగాను. "ఉతికితే ముళ్లు వదులైపోతయ్యే. ఇంక నువ్వేం బాగుచెయ్యమాక" అన్నాడు. ఆ మాట ఒక్కటే ఆయన ఇన్నేళ్లలో నన్ను అన్నది.

హోటల్లో చల్లటి గది. మూట విప్పగానే వాసన లేచింది. దగ్గర్లో కూర్చున్నాయన కుర్చీ జరుపుకున్నాడు. ఆ చెప్పులు విప్పి నడిచినావిడ మాత్రం లేచి దగ్గరికొచ్చింది. ఎర్ర పేలిక చేతిలోకి తీసుకుంది. నేను ముడి చూపించాను. ఒకటైతే ఇక్కడ, రెండైతే అక్కడ, వేసింది నేను, చెప్పింది ఈయన. కుర్రాయన చెప్పుకుంటూ పోయాడు. ఆమె ఆ ముడిని బొటనవేలితో తడిమి చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"ఇవి నిన్న ఎందుకు లేవు అంటున్నారు."

"మీరొస్తున్నారని విప్పామండి. బాగోదని."

కుర్రాయన నవ్వుతూ చెప్పాడు. ఆమె నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంది. చాలా పెద్దమాట చెప్పింది, చేతులు కదిలిస్తూ, నా భుజం మీద చెయ్యి వేసి. కుర్రాయన దాన్ని చిన్నది చేశాడు.

"చాలా బాగుందంటున్నారు. కానీ వాళ్లు ఒడ్డున చూసిందే రాయగలరంట. ఇక్కడ చూపించింది రాయడానికి లేదంట."

"అదే ఒడ్డండి. ఆ బుట్టలయ్యే," అంది నా గొంతు. ఎప్పటిలాగే పక్కమనిషికే వినపడింది. టీ వచ్చిందని ఎవరో పిలిచారు. అందరూ లేచారు.

వాళ్లు రాసింది కొన్ని నెలల తర్వాత టీచరమ్మ చేతికి వచ్చింది. మన ఊరి గురించి అందులో రెండు మూడు లైన్లే. మనుషులు ఆదరంగా ఉన్నారు, ఒడ్డు శుభ్రంగా ఉంది, ఏ పడవ సరుకు ఏదో గుర్తుపట్టే పద్ధతి మాత్రం కనపడలేదు. టీచరమ్మ తెలుగులో చదివి చెప్తుంటే మా తోటికోడలు కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. కనపడలేదని రాశారు. అబద్ధం రాయలేదు వాళ్లు.

వాళ్లకు ఒక ఉత్తరం రాయించాను. టీచరమ్మ ఇంగ్లీషులో రాసింది. చాలా రాద్దామంటే వద్దని, ఒక్క మాట అడిగి సంతకం పెట్టాను. పేలికలో చిన్న ముక్క చింపి కవరులో పెట్టాను. జవాబు వస్తుందని మీ తాత పడవ అమ్మకుండా ఆగాడు. వేటకు వెళ్లకూడని నిషేధం రోజులు అయిపోయాయి, పక్క పడవల వాళ్లు కొందరు హార్బరుకు కూలికి వెళ్లారు, కొందరు చెన్నై వెళ్లారు. మీ అమ్మా నాన్నా మంగుళూరు బండెక్కారు. ఈయన మాత్రం పోస్టాయన సైకిలు కనపడితే ఎదురెళ్లేవాడు. జవాబు రాలేదు. ఇసకలో ఎండకు ఎండి పడవ అంచులు పగుళ్లు ఇచ్చాయి. ఆ తర్వాత దాన్ని తీసుకెళ్లింది చేపల వాళ్లు కాదు. రోడ్డు పక్క హోటలు ముందు అలంకారానికి పెట్టుకుంటామని వచ్చినవాళ్లు. లారీ మీదికి ఎక్కిస్తుంటే మీ తాత కూడా ఒక చెయ్యి వేశాడు, గీసుకుపోకుండా.

నా తప్పు వల్లే అని ఊళ్లో ఎవరూ నా ముఖం మీద అనలేదు. నీళ్ల దగ్గర మాత్రం నేను వెళ్లేసరికి మాటలు ఆగేవి. ఆ ఆగడం భరించలేకే ఈ ఊరు వచ్చాం. తెలిసిన కళ్లాలే కదా అని. మీ తాత గుంటూరు రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కూర్చుంటాడు. లోపలికెళ్లే ప్రతి టిక్కీకీ, అదే, మిరపకాయల బస్తాకి, రైతు పేరు, ఊరు రాసిన చీటీ కట్టి ఉంటుందట. ఒకరోజు ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి అన్నం తినకుండా పడుకున్నాడు.

ఆయనకు చదువు రాదు కదా, ఆ ఉత్తరంలో ఏముందో ఆయనకు తెలియదు. ఇన్నాళ్లూ అడగలేదు. మొన్న ఆదివారం నా వేళ్లకు కొబ్బరినూనె రాస్తూ అడిగాడు.

"ఇంతకీ అంత తక్కువలో ఏం రాయించావే వాళ్లకి?"

చెప్పాను. ఆయన నూనె గిన్నె కింద పెట్టి అలాగే కూర్చున్నాడు. మీకూ చెప్తాను. అందులో ఉన్నది ఇంతే: "అమ్మా, ఈసారి మాకు చెప్పకుండా ఒక్క పొద్దున మా ఒడ్డుకు వస్తారా?"